మనిషి కాగితం

మా ఆఫీసులో లాయర్లు కేసు చూస్తారు, నేను మనిషిని చూస్తాను. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళ తరఫున వాదించడానికి ప్రభుత్వం నడిపే ఆఫీసు మాది. కోర్టు వెనక పాత భవనంలో కింది అంతస్తు. నాకు నల్లకోటు లేదు, కోర్టులో నోరెత్తే హక్కూ లేదు. కక్షిదారు ఇంటికి వెళ్ళడం, వాళ్ళ అమ్మతోనో అన్నతోనో కూర్చుని మాట్లాడడం, స్కూలు రిజిస్టర్లూ ఆసుపత్రి చీటీలూ పోగుచేయడం, చివరికి ఈ మనిషి ఎవరు, ఎలా పెరిగాడు, ఎందుకిలా చేశాడు అని మూడు పేజీల్లో రాయడం నా పని. నేరం ఒప్పుకున్నాక, శిక్ష వేసే ముందు జడ్జిగారు చదివేది ఆ మూడు పేజీలే. దానికి బారెడు పొడవున్న ప్రభుత్వ పేరొకటి ఉంది. మేం మాత్రం మనిషి కాగితం అంటాం.

పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. ఈ ఆఫీసులో నాకంటే పాతది సీలింగు ఫ్యాను ఒక్కటే, అదీ నాలాగే సణుక్కుంటూ పనిచేస్తుంది. ఎంత మొండి కక్షిదారునైనా మూడు ప్రశ్నలతో మాట్లాడిస్తానని నాకు పేరుండేది. నిన్న ఏం తిన్నావు? ఎవరేమన్నారు? నీకెవరి మీద కోపం? ఈ వరుసలోనే అడగాలి. మొదటిదానికి అందరూ జవాబు చెబుతారు. మూడోదాని దగ్గర చాలామంది ఏడుస్తారు. కొత్తగా చేరినవాళ్ళు ఇది ఏ శిక్షణలో నేర్పారని అడిగేవారు. ఎవరు నేర్పారో ఇప్పుడు నేను చెప్పలేను. ఎందుకు చెప్పలేనో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ నెలలో నాకు వచ్చిన కక్షిదారు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయి. ఇరవయ్యారేళ్ళుంటాయి. పక్క మిషను మీద పనిచేసే పెద్దావిడను సూపర్‌వైజరు అందరి ముందూ నిలబెట్టి తిడుతుంటే, చేతికందిన ఇస్త్రీపెట్టె తీసి అతని మీదికి విసిరింది. భుజం ఎముక విరిగింది. పోలీసులు రాగానే నేనే చేశానని ఒప్పుకుంది. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. రెండేళ్ళు జైలా, లేక ఇంట్లోనే ఉండి నెలనెలా హాజరు వేయించుకోవడమా? ఆమెకు నాలుగేళ్ళ కూతురుంది. ఆ పిల్ల తల్లితో తప్ప ఇంకెవ్వరితోనూ మాట్లాడదు, సొంత అమ్మమ్మతో కూడా. తల్లి రెండేళ్ళు లోపలికి వెళితే ఆ పిల్ల నోటి నుంచి మాట మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేనని పిల్లల డాక్టరు రాసిచ్చాడు.

నా మూడు ప్రశ్నలు ఆమె దగ్గర పారలేదు. ఏదో తిన్నానంది. ఎవరూ ఏమీ అనలేదంది. ఎవరి మీదా కోపం లేదంది. చిన్నతనం గురించి అడిగితే తల కూడా ఎత్తలేదు.

"ఏముంది మేడమ్ చెప్పడానికి. ఏమీ లేదు."

ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. మంచానికి ఎదురుగా పొడుగాటి గోడ, చెమ్మెక్కి సున్నం ఉబ్బిన గోడ. దాని మీద మేకు కూడా లేదు. అలమరలో ఒక ఫొటో, కుర్చీ పక్కన మొహం ముడుచుకుని నిలబడిన చిన్నపిల్ల ఒక్కతే. వాళ్ళమ్మ నెమ్మదైన మనిషి. ఒక్కతే బిడ్డ అనీ, పొద్దున్నే బయట తాళం వేసి తాను పనికి వెళ్ళేదాన్ననీ, పిల్ల రోజంతా ఆ గోడకేసి చూస్తూ కూర్చునేదనీ చెప్పింది. అంతకుమించి ఇద్దరి దగ్గరా నాకేమీ దొరకలేదు.

ఇక్కడ మా ఆఫీసు అలవాటొకటి చెప్పాలి. ఖాళీ పేజీతో ఎవరూ మొదలుపెట్టరు. ఎప్పుడో రాసిన కాగితాన్ని కంప్యూటర్లో తెరిచి, కొత్త పేరుతో దాచుకుని, పాత మనిషిని చెరుపుతూ కొత్త మనిషిని రాస్తూ పోతాం. ఒకళ్ళ ఇంట్లోకి ఇంకొకళ్ళు దిగినట్టు. నేను రెండేళ్ళ కిందటి రంగులాయన కాగితం తీశాను. గోడలకు రంగులు వేసే మనిషి, తాగి కొట్లాటలో ఇరుక్కుంటే నా కాగితం చూసి జడ్జిగారు వదిలిపెట్టారు. అతన్ని కూడా చిన్నప్పుడు లోపల ఉంచి తాళం వేసి వెళ్ళేవాళ్ళు, అందుకే అది తీశాను. ఒక్కో పేరానే మార్చుకుంటూ వచ్చి, రెండో పేజీ మధ్యలో ఉన్న ఈ పేరా దగ్గర ఆగాను:

"తల్లి తాళం వేసి పనికి వెళ్ళాక, మంచానికి ఎదురుగా ఉన్న గోడ మీద అక్క సుద్దముక్కతో కిటికీ గీసేది. ఆ కిటికీలో రోజుకొకటి చూపించేది. ఈ రోజు వాన, ఈ రోజు చిలక, ఈ రోజు అమ్మ వస్తోంది. భయపడకుండా ఉండడం అక్క దగ్గరే నేర్చుకున్నట్టు కక్షిదారు చెప్పారు. పదకొండో ఏట అక్క జ్వరంతో చనిపోయింది."

తర్వాత మారుద్దాంలే అనుకుని ముందుకు వెళ్ళాను. ఈలోగా డాక్టరు ఫోను చేశాడు, మాట్లాడి వచ్చేసరికి దాని సంగతే మర్చిపోయాను. మా లాయరు ఏ కాగితం ఇచ్చినా రేపు చూద్దాం అంటాడు, ఆఫీసంతా ఆయన్ని రేపాయన అంటుంది. అలాంటివాడు జీవితంలో ఒక్కసారి రేపనకుండా, సోమవారం మధ్యాహ్నమే సంతకం పెట్టి కోర్టులో ఇచ్చేశాడు.

మంగళవారం ఉదయం నా కాపీ చదువుతుంటే ఆ పేరా మార్చకుండా అలాగే కనిపించింది. ఒక్కతే కూతురైన అమ్మాయికి నేను చనిపోయిన అక్కను రాసిపెట్టాను. అబద్ధపు కాగితం అని ప్రాసిక్యూటరు పట్టుకుంటే ఆమె పని అయిపోయినట్టే. విచారణ శుక్రవారం. కాపీ సంచిలో పడేసుకుని పదకొండు గంటలకల్లా వాళ్ళింటికి వెళ్ళాను, తప్పు ఒప్పుకుని, నిజంగా జరిగిందేదైనా ఒక్కటి చెప్పమని బతిమాలడానికి.

కుట్టు అమ్మాయి బెయిలు మీద ఇంట్లోనే ఉంది, కూతురితో నేల మీద కూర్చుని ఉంది. కాగితంలో అక్క గురించి ఒక పొరపాటు దొర్లిందని మొదలుపెట్టాను. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పెద్దదాని సంగతి కూడా రాశావా తల్లీ. ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు రాశారు."

నాకు ఒళ్ళు మండింది. మా కక్షిదారులకు ఒక జబ్బుంది, మేం ఏం రాస్తే అదే జరిగిందని ఒప్పేసుకుంటారు. పెద్దవాళ్ళు రాశారు కాబట్టి అదే నిజమై ఉంటుందనుకుంటారు పాపం. కానీ కాపీ ఇంకా నా సంచిలోనే ఉంది, వాళ్ళెవరూ చూడలేదు. పేరాలో ఏముందో నేనింకా చెప్పనే లేదు. రంగులాయన నాతో చెప్పిన మాటొకటుంది, మరీ ముచ్చటగా ఉంది, జడ్జిగారు నమ్మరని నేను రాయలేదు. దాంతో పరీక్ష పెడదామనుకున్నాను. మీ అక్క కిటికీ మొత్తం గీసేదా అని కుట్టు అమ్మాయిని అడిగాను.

ఆమె గోడకేసి చూసింది. "కింద ఎడంపక్క అద్దం ఎప్పుడూ గీసేది కాదు మేడమ్. ఎందుకే అంటే, గాలి రావద్దూ అనేది."

రంగులాయన చెప్పింది అక్షరాలా అదే. అప్పుడు నేనూ గోడకేసి చూశాను. పోయిన వారం ఏమీ లేని చోట, చెమ్మ మరకల కింద తెల్లటి గీతలున్నాయి. నిన్నా మొన్నా గీసినవి కావు. ఉబ్బిన సున్నం వాటి మీదుగా పెచ్చులుగా లేచి ఉంది, ఇరవై ఏళ్ళ కిందటి గీతల్లా ఉన్నాయి. నాలుగు అద్దాల కిటికీలో మూడే ఉన్నాయి. అలమరలో ఫొటో అదే చట్రంలో ఉంది. ఇప్పుడు అందులో ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల చెయ్యి చిన్నదాని భుజం మీద ఉంది, చిన్నది మొహం ముడుచుకుని లేదు.

నాలుగేళ్ళ పిల్ల లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. గీయని అద్దం మీద అరచెయ్యి పెట్టింది. నన్ను చూసి, నాతో, మొట్టమొదటిసారి మాట్లాడింది.

"గాలొస్తోంది."

నేను కూడా చెయ్యి పెట్టాను. వస్తోంది. చల్లగా, ఏదో తడిసిన ఆకుల వాసనతో వస్తోంది. ఆ గోడకు అవతల పక్కింటివాళ్ళ వంటగది ఉందని నాకు తెలుసు. చెప్పులు వేసుకుని బయటపడ్డాను. భయమేసింది, నిజమే. కానీ వీధి చివరికొచ్చేసరికి దానికంటే సంతోషం ఎక్కువైంది. పిల్ల మాట్లాడింది. పొరపాటైతేనేం, మంచే జరిగింది కదా, నోరు మూసుకుని ఊరుకుందామనుకున్నాను.

బుధవారం రంగులాయన వచ్చాడు. నెలకోసారి వచ్చి, పనికి వెళుతున్నట్టు నా దగ్గర సంతకం పెట్టించుకుని వెళ్ళాలి, అతన్ని వదిలినప్పుడు కోర్టు పెట్టిన షరతు అది. ఎప్పుడొచ్చినా గోళ్ళ సందుల్లో రంగు ఉంటుంది, ఈసారి ఏ ఇల్లో చెప్పమని నేను ఆట పట్టిస్తాను. ఆ రోజు గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

పనికి ఎప్పటినుంచి వెళ్ళడం లేదని అడిగాను. సోమవారం మధ్యాహ్నం నుంచి అన్నాడు. తెల్లగోడ ముందు నిలబడలేకపోతున్నాడట, బ్రష్షు అక్కడే పడేసి వచ్చాడట. మీ అక్క గుర్తుందా అన్నాను.

"నాకు అక్కెవరు మేడమ్? ఒక్కణ్ణే కదా. మీరే రాశారుగా. తాళం వేసిన ఇంట్లో ఒక్కణ్ణే అన్నేళ్ళు ఎలా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది. ఇన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదో తెలీదు."

అతని పాత ఫైలు తీశాను. రెండో పేజీ మధ్యలో ఐదు వరుసల మేర తెల్లగా ఉంది. చెరిపిన గుర్తు లేదు, ఏదీ ఎప్పుడూ రాయనట్టే ఉంది. అంత పెద్ద మనిషి నా ఎదురుగా కూర్చుని, ఆ కాగితంలోని తెల్లటి చోటు చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. సంతకం పెట్టి పంపాను. రెండు వారాలు పని మానేస్తే అతన్ని మళ్ళీ లోపల వేస్తారు. నేను మంచి జరిగిందనుకున్నది ఈ మనిషి దగ్గర్నుంచి తీసుకున్నది. దొంగను నేను.

గురువారం ఉదయం రేపాయనకు సగం నిజం చెప్పాను, రెండో పేజీలో వేరొకరి పేరా పడిందని. విచారణకు ముందురోజు సాయంత్రం దాకా సవరించిన పేజీ ఇవ్వొచ్చు. తీసెయ్యండి, పోనీ అన్నాడు. తీసేస్తే ఆ చోట ఏముంటుందని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఆ జడ్జిగారు ముందు రెండో పేజీయే చదువుతారు మేడమ్. ఈ అమ్మాయిని చిన్నప్పుడు ఎవరైనా దగ్గరికి తీసుకున్నారా లేదా అన్నది చూస్తారు. అది ఖాళీగా ఉంటే మనం ఏం చెప్పినా వినరు."

కల్పించి రాద్దామని కూర్చున్నాను. ఒక మంచి టీచరమ్మను రాయబోయాను. రెండు వాక్యాలకే చేతులు ఆగిపోయాయి. ఈ టీచరమ్మ ఎవరిదో? నేను కల్పించాననుకునేది ఎక్కడో ఎవరి బతుకులోదో, నేనిక్కడ రాయగానే అక్కడ ఎవరి ఫొటోలోంచి మాయమవుతుందో? చెరిపేశాను. ఎవరిదీ కాకుండా, అడక్కుండా తీసుకోగలిగినది నాకు ఒకటే కనిపించింది. నాది.

ఆ మధ్యాహ్నం టైపు చేసిన సంగతి నాకు గుర్తుంది. ముందు అక్క పేరాను రంగులాయన ఫైల్లో తెల్లటి చోట తిరిగి పెట్టాను. తర్వాత కుట్టు అమ్మాయి పేజీలో నాది రాశాను. వేళ్ళు కదిలిన సంగతి గుర్తుంది. మధ్యలో లేచి మొహం కడుక్కుని వచ్చిన సంగతి గుర్తుంది. ఏడ్చానని తెలుసు. ఎందుకు ఏడ్చానో మాత్రం తెలియదు. రేపాయన పేజీ తీసుకుని కోర్టుకు వెళ్ళిన పది నిమిషాలకు చూసుకుంటే, నా బల్ల మీద పసుపు చీటీ అంటించి ఉంది. "ఈ పేరా నా సొంతం. తెలిసే ఇచ్చాను. వెనక్కి తీసుకోవద్దు." చేతిరాత నాదే.

సాయంత్రం రంగులాయన ఫోను చేశాడు. పనిలోకి వెళ్ళాడట. వెళ్ళి, కొత్తగా రంగు వేసిన గోడ మీద సుద్దముక్కతో కిటికీ గీశాడట, ఇంటావిడ పట్టుకుని చెడామడా తిట్టిందట. "మా అక్క గుర్తొచ్చింది మేడమ్," అంటూ నవ్వాడు. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు ఆ నవ్వే వింటున్నట్టు కూర్చున్నాను.

శుక్రవారం కోర్టు హాల్లో మా వంతు కోసం ఎదురుచూస్తూ, కాపీ తీసి ఆ పేరా చదివాను:

"చిన్నతనంలో మేనత్త ఆ ఇంట్లోనే ఉండేది. రోజూ పొద్దున జడ వేస్తూ మూడు పాయలకూ మూడు ప్రశ్నలు అడిగేది. నిన్న ఏం తిన్నావు, ఎవరేమన్నారు, నీకెవరి మీద కోపం? చెప్పేదాకా ఆ పాయ వదిలేది కాదు. జడ పూర్తయ్యేసరికి పిల్ల మనసులో ఏదీ మిగిలేది కాదు. తన మాట వినడానికి ఒక మనిషి ఉందన్న ధైర్యంతో కక్షిదారు పెరిగారు."

బాగుంది అనిపించింది. ఎవరో కానీ అదృష్టవంతురాలు అనిపించింది. చీటీ నాదని, పేరా నాదని తెలుసు, నమ్ముతాను కూడా. కానీ ఎవరింటి కిటికీలోంచో లోపలికి చూస్తున్నట్టే ఉంది. ఆ మేనత్త మొహం కోసం వెతికాను. ఆవిడ లావో సన్నమో కూడా తెలియలేదు.

జడ్జిగారు రెండో పేజీ చదివారు. పెన్సిలు పక్కన పెట్టి మళ్ళీ చదివారు. తల ఎత్తి కుట్టు అమ్మాయిని, వెనక బెంచీ మీద అమ్మమ్మ ఒడిలో ఉన్న పిల్లను చూశారు. జైలు అక్కర్లేదన్నారు. మూడేళ్ళు నెలనెలా మా ఆఫీసులో హాజరు వేయించుకుంటే చాలన్నారు. రేపాయన నా వైపు తిరిగి, నేనెప్పుడూ చూడని ఒక నవ్వు నవ్వాడు.

బయట వరండాలో బెంచీ మీద కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని కుట్టు అమ్మాయి దాని జడ విప్పి మళ్ళీ వేస్తోంది. మొదటి పాయ పట్టుకుని, నిన్న ఏం తిన్నావే అంది. పిల్ల చెప్పింది. రెండో పాయ పట్టుకుని ఎవరేమన్నారంది. పిల్ల గొంతు తగ్గించి ఏదో చెప్పింది. మూడోది పట్టుకుని ఎవరి మీద కోపమంది.

"నీ మీద. నన్ను వదిలేసి ముందు కూర్చున్నావు."

ఇలా అడగడం ఎవరు నేర్పారని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"మా మేనత్త, మేడమ్. మీరే రాశారుగా."

వరండా చివరికి వెళ్ళి మా అమ్మకు ఫోను చేశాను. నాన్నకు చెల్లెలు కానీ అక్క కానీ ఉండేదా అని అడిగాను. నా గొంతు విని అమ్మ కంగారుపడింది.

"నాన్న ఒక్కడే కదే. నీకేమైంది? నీ జడ కూడా నేనేగా వేసేదాన్ని, అదీ హడావిడిగా. ఎందుకో నిన్న మధ్యాహ్నం నుంచి ఇల్లంతా బోసిగా అనిపిస్తోంది," అంది.

ఏమీ లేదమ్మా అని పెట్టేశాను. నాతోపాటు అమ్మ దగ్గర్నుంచి కూడా తీసుకున్నానని నాకప్పటిదాకా తట్టలేదు. అడగలేదు కూడా. వెనక్కి వచ్చేసరికి కుట్టు అమ్మాయి బెంచీ మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

"కూర్చోండి మేడమ్. మీ జడ ఊడిపోయింది."

యాభై దాటిన దాన్ని, కోర్టు వరండాలో, కక్షిదారు ముందు వీపు పెట్టి కూర్చున్నాను. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తున్నారు. చూస్తే చూశారు. ఆమె వేళ్ళు నా తలలోకి వెళ్ళగానే నా మెడ దానంతటదే వంగింది, అలవాటున్నట్టు. మొదటి పాయకు నిన్న తిన్నది చెప్పాను. రెండో పాయకు రేపాయన అన్న మాటలు చెప్పాను. ఆమె మూడో పాయ పట్టుకుంది.

"మీకెవరి మీద కోపం?"

చెబుదామని నోరు తెరిచాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరి మీదో, ఎవరు గుర్తుకు రావాలో తెలియడం లేదు. తెలియదమ్మా, వదిలెయ్ అన్నాను.

ఆమె వదల్లేదు. "చెప్పేదాకా వదలకూడదు మేడమ్," అంది.